లాంచీలో చరిత్ర చెప్పేదెవరు?

విదేశాలలోని విలాస ఓడలలో, దిగబోయే ఊరి చరిత్రను పండితులు ముందుగానే చెబుతారట. మనకు నాగార్జునకొండ లాంచీ ఉన్నది. డోన్ నుండి మా యౌవనస్థులతో వెళ్లినప్పుడు వివరించువారు లేరు. ముందుగా అడగకపోవడం నా తప్పే. రాళ్లు చూసి, ఫోటోలు తీసుకొని వచ్చేశాము.

ఆ ద్వీపం ఒకప్పటి కొండ శిఖరం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ నీళ్ల కింద ఉన్నది. ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. లోయ మునగక మునుపే, 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను విప్పి, కొండపైన తిరిగి నిలిపారు. అంటే మేము ఊరి మీదుగానే పోయామన్నమాట, తెలియక!

టిక్కెట్టు కొనకముందే అడగండి: వివరించేదెవరు, ద్వీపంలో ఎంతసేపు ఆపుతారు? మ్యూజియానికే గంట చాలదు. శుక్రవారం మాత్రం వెళ్లకండి, అది మూసి ఉంటుంది.