మొహమాటానికి చోటు లేని ఆట

2024 సెప్టెంబర్‌లో సోల్‌హైమ్ కప్ మా ఆష్‌బర్న్‌కి దగ్గర్లోని గెయిన్స్‌విల్‌లో జరిగింది. అమెరికా ఆడవాళ్ళ జట్టుకీ యూరప్ జట్టుకీ గోల్ఫ్ పోటీ. ఇద్దరిద్దరు జతకట్టి ఆడటం టీవీలో చూసి, "అచ్చం మన క్యారమ్స్‌లాగే ఉందే" అనుకున్నాను. ఆ సరదాతో మా వీధి స్నేహితురాలూ నేనూ పాఠాలకి చేరాం. పిల్లలు స్కూల్‌బస్సెక్కాక వారానికి రెండు రోజులు. ఈ మధ్యే మొదటిసారి జతల పోటీలో ఆడాం కూడా.

మేం ఆడింది ఫోర్‌బాల్. జతలో ఎవరి బంతి వాళ్ళదే. ప్రతి హోల్‌లో ఇద్దరిలో ఎవరివి తక్కువ షాట్లయితే అదే జత స్కోరు. మాతో పాటు ఇంకో జత నడుస్తుంది. వాళ్ళని పాత రూల్స్‌లో ఫెలో కాంపిటీటర్లు అనేవారు. 2019లో రూల్స్ తిరగరాసినప్పుడు ఆ మాట తీసేశారు కానీ, ఆడేవాళ్ళ నోట్లో ఇంకా ఉంది.

ఇక్కడే మనకి చిక్కు. ఏ క్లబ్ తియ్యాలి, ఎటు కొట్టాలి అని పార్ట్‌నర్‌ని ఎంతైనా అడగొచ్చు. అదే ప్రశ్న పక్క జతని అడిగితే రెండు షాట్ల పెనాల్టీ. పాపం కదా అని వాళ్ళు జవాబు చెబితే వాళ్ళకీ రెండు. జెండా ఎంత దూరం, ఫలానా రూల్ ఏమిటి అని మాత్రం ఎవర్నైనా అడగొచ్చు. పక్కింటి పొయ్యి మీద పులుసు చూడగానే "ఇంకాస్త బెల్లం పడాలి" అనకుండా ఉండలేని మనకి ఎంత కష్టమో మీరే చెప్పండి!

సలహా చెప్పకూడదు కానీ, లెక్క మాత్రం మనమే రాయాలి. పార్ట్‌నర్ స్కోరు పార్ట్‌నర్ రాయకూడదు. పక్క జత కార్డు మన చేతికొస్తుంది, మన కార్డు వాళ్ళ చేతికెళుతుంది. ఆ పని ఎంత పెద్దదో 1968 మాస్టర్స్‌లో తెలిసింది. రాబర్టో డి విసెంజో 17వ హోల్‌లో 3 షాట్లు కొడితే, కార్డు రాస్తున్న తోటి ఆటగాడు టామీ ఆరన్ పొరపాటున 4 వేశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. రూల్ ప్రకారం ఆ 4 అలాగే ఉండిపోయింది. ఒక్క షాట్ తేడాతో బాబ్ గోల్బీ గెలిచాడు. లేకపోతే ఇద్దరికీ ప్లేఆఫ్ జరిగేది.

ఇక నా సంగతి. మా పక్క జతలో ఒకరు నాకు బాగా కావలసిన అక్క. నా రెండో కాన్పుకి అమ్మకి వీసా రాకపోతే నెలరోజులు క్యారియర్ పంపిన మనిషి. ఆ రోజు పొద్దున్న కూడా ఆవిడకి పులిహోర డబ్బా పట్టుకెళ్ళాను. 14వ హోల్‌లో ఆవిడ బంతి ఇసుకలో పడింది. మొదటిసారి కొడితే ఇసుక లేచింది, బంతి అక్కడే ఉంది. రెండోసారికి బయటపడింది. నా లెక్కకి మొత్తం ఏడు. ఆవిడ పార్ట్‌నర్ ఆ హోల్ మధ్యలోనే వదిలేసింది కాబట్టి అక్క స్కోరే వాళ్ళ జత స్కోరు.

"ఆరు వేసుకోమ్మా" అంది అక్క.

ఆరే వేశాను.

మిగిలిన నాలుగు హోల్స్ నేనేం ఆడానో నాకే తెలీదు. డిగ్రీలో టైట్రేషన్ ప్రాక్టికల్ గుర్తొచ్చింది. మూడో రీడింగ్ తియ్యకుండానే మొదటి రెండూ చూసి రికార్డులో రాసేశాను. మేడం సంతకం పెట్టేశారు. ఎవరికి నష్టం అనుకున్నానప్పుడు. ఇక్కడ అలా కాదు. మిగతా జతలేవీ ఆ ఇసుక దగ్గర లేవు. వాళ్ళందరి తరఫునా చూసే కళ్ళు నావే. పైగా తక్కువ స్కోరుతో కార్డు ఇస్తే అక్క జత పోటీ నుంచే పోతుంది. తెలిసి సంతకం పెడితే నేనూ పోతాను. అంటే నా మొహమాటం ఆవిడకి సాయం కూడా కాదు.

కార్డులిచ్చే బల్ల దగ్గర నోరు పెగుల్చుకున్నాను. "అక్కా, 14లో ఇసుకలో రెండుసార్లు కొట్టారేమో, ఒకసారి చూస్తారా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "ఏడే" అని, దిద్దించి, సంతకం పెట్టింది. ఆ ఒక్క షాట్‌తో వాళ్ళకి రావలసిన మూడో బహుమతి పోయింది. ఇంటికొచ్చే దారంతా కార్లో నలుగురం ఉన్నా మాటల్లేవు. ఆ రాత్రి మా ఆయనతో "చెప్పకుండా ఉండాల్సిందేమో" అని ఒకటికి పదిసార్లు అన్నాను.

నాలుగో రోజు అక్క తలుపు కొట్టింది. చేతిలో నా పులిహోర డబ్బా. మన ఇళ్ళల్లో డబ్బా ఖాళీగా తిరిగివ్వరు కదా. మూత తీస్తే సున్నుండలు.

"లెక్కపెట్టుకో. పన్నెండున్నాయి" అంది నవ్వుతూ.