కంపెనీ సర్వీసా? మన మేస్త్రి షెడ్డా?



కిందటి నెలలో పక్క మండలపు సంఘం నుండి ఇద్దరు పెద్దలు మా ఇంటికి వచ్చారు. "మీలాగే మేమూ ఒక వ్యాను తీసుకున్నామండి. సర్వీసింగుకు కంపెనీకి పంపాలా, మన మెకానిక్ దగ్గరే చేయించాలా? కమిటీలో రెండు పక్షాలైపోయాము" అన్నారు. మాకు నవ్వు వచ్చింది. ఈ తగవులో మేము నాలుగేళ్ళు గడిపాము. జవాబు మాత్రం కమిటీ గదిలో దొరకలేదు, ఒక ఘాట్ రోడ్డు మీద దొరికింది. వాళ్ళకు చెప్పిన సంగతే ఈ నెల మీకూ చెబుతున్నాము. వ్యాను లేకపోయినా ట్రాక్టరో, ఆటోయో ఉన్న ప్రతి ఇంటికీ ఇది పనికివస్తుందని మా నమ్మకం.

మా వ్యాను 2019లో సెకండ్‌హ్యాండులో కొన్న డీజిల్ బండి. స్త్రీల సమాజంవారు వంట చేసిన ప్రతి పూటా తీసిపెట్టిన పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు, పంట కోతల కానుకలు కలిపి కొన్నాము. ఏజెన్సీ గ్రామాలకు వెళ్తే రెండు మూడు రాత్రులు అక్కడే ఉండాలి గనుక వెనుక సీట్లు కొన్ని తీయించి, రెండు బల్లమంచాలు, గ్యాసుపొయ్యికి ఒక గట్టు, నీళ్ళ డబ్బా, రెండో బ్యాటరీ మీద లైట్లు, ఫ్యాను పెట్టించాము. విదేశాల్లో క్యాంపర్ వ్యాను అంటారే, ఇంచుమించు అలాంటిదే. మా పిల్లలు దానికి "చక్రాల ఇల్లు" అని పేరు పెట్టారు.

మొదటి సర్వీసుకే తగవు మొదలైంది. రిటైరైన హెడ్‌మాస్టరుగారు ఒకరు, "ఇది సంఘం సొమ్ము. రసీదు లేని పని వద్దు. కంపెనీకే పంపాలి" అన్నారు. కోశాధికారిగారు, "కంపెనీ వర్క్‌షాపు 70 కిలోమీటర్లు. పోనూ రానూ డీజిలు, డ్రైవరు బత్తా, ఒక రోజు పాడు. మన మేస్త్రి షెడ్డు 6 కిలోమీటర్లే" అన్నారు. ఇద్దరిదీ న్యాయమే. అందుచేత ఎవరి మాట చెల్లిన ఏడు వారి చోటికి బండి వెళ్ళేది. ఎక్కడ ఏ పని జరిగిందో రాసిపెట్టాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

2023 ఫిబ్రవరిలో మారేడుమిల్లి నుండి చింతూరు వైపు ఘాట్ దిగుతున్నాము. బండిలో ఏడుగురం, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. సామాను నిండుగా ఉంది. సగం దిగాక డ్రైవరు, "అయ్యగారూ, బ్రేకు మెత్తగా పోతోందండి" అన్నాడు. తర్వాతి మలుపులో పెడలు నేలకు అంటింది. అతడు కంగారుపడకుండా గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, కొండ వైపు మట్టికట్టకు రాసుకుంటూ బండిని ఆపాడు. రెండో వైపు లోయ. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అయ్యగారి చిన్నపాప మాత్రం, "ఇల్లు ఆగిపోయిందా అమ్మా?" అని అడిగింది.

వింత ఏమిటంటే, గంటసేపు ఆగాక పెడలు మళ్ళీ గట్టిపడింది. మెల్లగా దిగి, ఇంటికి వచ్చి, బండి మేస్త్రి షెడ్డుకు తీసుకువెళ్ళాము. ఎక్కడా కారడం లేదు. లైనింగులు కొత్తవే, నాలుగు నెలల కిందట ఆయనే వేశాడు. ఆయన బ్రేకు ఆయిలు మూత తీసి చూశాడు. నల్లటి కషాయంలా ఉంది. "ఇది ఎప్పుడు మార్చారండీ?" అని అడిగాడు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము.

"లైనింగులు వేయమన్నారు, వేశాను. పోయినేడు కంపెనీలో సర్వీసు చేయించామన్నారు. ఆయిలు అక్కడ మార్చి ఉంటారనుకున్నాను" అన్నాడు మేస్త్రి. కంపెనీవారి పాత బిల్లు వెతికి తీశాము. అందులో బ్రేకులు చూసినట్టు ఒక టిక్కు ఉంది, ఆయిలు మార్చినట్టు లేదు. వారిని అడిగితే, "అంతకుముందు మీ బండి మా దగ్గరకు రాలేదు. బయట ఏం మార్చారో మాకెలా తెలుస్తుందండీ?" అన్నారు. కొన్నప్పటి నుండి నాలుగేళ్ళు ఆ ఆయిలును ఎవరూ మార్చలేదు. వాళ్ళూ ఇంకొక మాట అడగవలసిందే. కాని రెండు చోట్లా జరిగింది తెలుసుకోగలిగినవాళ్ళం మేమొక్కరమే. తప్పు మాది.

బ్రేకు ఆయిలు సంగతి ఇక్కడే చెబుతాము. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిలు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా నిలవాలి. తేమ పట్టాక దానికి పెట్టిన కనీస ప్రమాణం 155 డిగ్రీలే. డాట్ 3 అయితే ఈ అంకెలు 205, 140. ఘాట్‌లో పై గేరులో దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉంటే చక్రాల దగ్గర వేడి పెరిగి ఆయిలు మరుగుతుంది, గొట్టంలో ఆవిరి పుడుతుంది. ద్రవం నొక్కితే కుదించుకుపోదు గనుక బ్రేకు పడుతుంది. ఆవిరి కుదించుకుపోతుంది గనుక పెడలు నేలకు పోతుంది. చల్లారితే మామూలే! అందుకే షెడ్డులో చూస్తే లోపం కనిపించదు. చాలా బండ్లకు రెండేళ్ళకొకసారి ఈ ఆయిలు మార్చాలి. మీ బండి పుస్తకంలో ఎంత రాశారో చూడండి. ఘాట్ ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా నిజం.

ఆ తర్వాత కమిటీలో "కంపెనీయా, షెడ్డా" అన్న తగవు ఆపేశాము. "ఏ పని ఎవరి దగ్గర?" అని పనులు విడదీసి రాసుకున్నాము. అవి ఇవి.

మొదటిది, కంపెనీకి వెళ్ళవలసిన పనులు. వారంటీలో ఉన్న బండిని వారంటీ అయ్యేవరకు కంపెనీలోనే చూపించడం మంచిది. తయారీలోనే లోపముందని కంపెనీవారు బండ్లను వెనక్కు పిలిస్తే ఆ పని వాళ్ళే ఉచితంగా చేస్తారు. పాత బండైనా సరే, అలాంటి పిలుపు ఉందేమో నంబరు చెప్పి అడగండి. 2020 ఏప్రిల్ 1 నుండి దేశంలో బి.ఎస్.6 బండ్లే అమ్ముతున్నారు. ఆ డీజిల్ బండ్లలో పొగమసిని పట్టే ఫిల్టరు, రకరకాల సెన్సార్లు ఉంటాయి. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగితే స్కానరు పెట్టి చూడనిదే కారణం తెలియదు. ఊహ మీద ఒక్కొక్క సామాను మార్చుకుంటూ పోతే కంపెనీ బిల్లు కంటే ఎక్కువవుతుంది. కొన్ని బండ్లలో యూరియా ద్రావణం కూడా పోయాలి. పొలానికి చల్లే యూరియాను నీళ్ళలో కలిపి పోయకండి. అందులోని మలినాలు ఖరీదైన భాగాలను పాడుచేస్తాయి.

రెండవది, మంచి మేస్త్రి దగ్గర నిశ్చింతగా చేయించుకోగల పనులు. ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు లైనింగులు, బ్రేకు ఆయిలు, క్లచ్ ప్లేటు, బేరింగులు, సస్పెన్షన్, గ్రీజు పనులు ఇందులోకి వస్తాయి. కంపెనీలో ఒక్కోసారి మొత్తం సెట్టు మార్చేస్తారు. మేస్త్రి అందులో పోయిన చిన్న సామాను మాత్రం మార్చగలడు. అర్ధరాత్రి రోడ్డు మీద బండి ఆగితే ఫోను ఎత్తేదీ ఆయనే. అయితే సామాను డూప్లికేట్ కాకూడదు. పెట్టె మీద కంపెనీ పేరు, సామాను నంబరు, ఎం.ఆర్.పి. చూసి, వీలైతే మీరే వెళ్ళి కొనుక్కురండి.

మంచి మేస్త్రిని ఎలా గుర్తుపట్టాలి? మీ బండిలాంటివి ఆయన షెడ్డులో ఎప్పుడూ ఒకటి రెండు కనిపించాలి. విప్పిన సామాను మట్టిలో పడేయకుండా ట్రేలో పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, "ఈ పని నా వల్ల కాదండీ, కంపెనీకి తీసుకెళ్ళండి" అని చెప్పగలగాలి. మా మేస్త్రి ఆ మాట ఇప్పటికి రెండుసార్లు అన్నాడు. ఆ రెండుసార్లతో ఆయన మీద మా నమ్మకం రెట్టింపయింది.

మూడవది, బండిలోని ఇంటి భాగం. మంచాలు, పొయ్యి, రెండో బ్యాటరీ వైరింగు కంపెనీవారు ముట్టుకోరు. మేస్త్రికి అది తన పని కాదు. ఎవరు అమర్చారో వారితోనే ఏటా ఒకసారి చూపించాలి. వంటగ్యాసు గాలి కంటే బరువు గనుక కారితే కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది. సిలిండరు ఉన్నచోట అడుగున గాలి పోయే కన్నం ఉండాలి. బండి నడుస్తున్నప్పుడు రెగ్యులేటరు కట్టేసి ఉండాలి. రెండో బ్యాటరీ నుండి వచ్చే తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. ఇంకొక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు కంపెనీ లెక్కకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీట్లు తీసేముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, మార్పు ఆర్.సి.లో రాయించుకోండి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువారితో చిక్కు.

"బయట చేయిస్తే వారంటీ పోతుందట కదా?" అని చాలామంది భయపడతారు. ఈ విషయమై 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదనీ, బయటి పని వల్ల చెడిపోయినంత మేరకే నిరాకరించవచ్చనీ చెప్పింది. కంపెనీలు ఆ తీర్పు మీద అప్పీళ్ళకు వెళ్ళాయి గనుక, దాన్ని పట్టుకుని కౌంటరు దగ్గర పోట్లాడమని మేము చెప్పము. మీ వారంటీ పుస్తకంలో ఏమి రాసి ఉందో చదవండి. ఎక్కడ చేయించినా బిల్లు తీసుకోండి. బిల్లు లేనివాడికి ఏ వాదనా నిలవదు. బిల్లు ఇవ్వకపోయినా, అన్యాయంగా వసూలు చేసినా 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌వారు దారి చెబుతారు.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా మాకు నాలుగు నియమాలు ఉన్నాయి. పని మొదలుపెట్టక ముందే ఎస్టిమేటు రాయించుకుంటాము. ఇంకేదైనా పని కనిపిస్తే ఫోను చేసి అడిగాకే చేయమంటాము. తీసేసిన పాత సామాను తిరిగి అడుగుతాము. బండి తెచ్చుకునేముందు కొంతదూరం నడిపి చూస్తాము.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒక నోటుపుస్తకం. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని, వేసిన సామాను, చేసినవారు, బిల్లు నంబరు, మళ్ళీ ఎప్పుడు చేయాలి అని ఏడు గడులు గీశాము. అది వ్యానులో డ్రైవరు సీటు వెనుక సంచిలో ఉంటుంది. కంపెనీకి వెళ్ళినా, షెడ్డుకు వెళ్ళినా ముందు దాన్నే చేతికిస్తాము. మొన్న కంపెనీలోని యువకుడు ఆ పుస్తకం తిరగేసి, "మీ బండికి టైమింగ్ బెల్టు మార్చే గడువు దగ్గరపడిందండీ" అన్నాడు. చాలా ఇంజిన్లలో ఆ బెల్టు తెగితే వాల్వులు, పిస్టన్లు కొట్టుకుని ఇంజిన్ మొత్తం పాడవుతుంది. పుస్తకం లేకపోతే అతడికీ తెలిసేది కాదు, మాకూ తెలిసేది కాదు.

ప్రతి మూడు నెలలకు కమిటీలో కానుకల లెక్కతోపాటు ఆ పుస్తకం కూడా చదువుతున్నాము. పిడికెడు బియ్యం తీసిపెట్టిన తల్లులకు మేము అప్పజెప్పవలసిన లెక్కలో అదీ ఒక భాగమే. ఆనాడు కమిటీలో కంపెనీ పక్షాన నిలిచిన హెడ్‌మాస్టరుగారే దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తున్నారు. మేస్త్రి చేసిన పనులు కూడా అందులో ఆయన చేతిరాతలోనే ఉన్నాయి.

పక్క మండలం పెద్దలు వెళ్ళేటప్పుడు, "మా బండికి బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారో కనుక్కోవాలి" అనుకుంటూ వెళ్ళారు. మీరు కూడా ఈ సాయంత్రం మీ బండి దగ్గరకు వెళ్ళి, ఆ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. జవాబు ఎవరికీ తెలియకపోతే, ఒక నోటుపుస్తకం కొని మొదటి గీత గీయండి.