కరిగే రంగులు, మాయమయ్యే వత్తులు

మా నర్సీపట్నం నుండి లంబసింగి దారి పట్టినవారెవరికైనా ఆ దృశ్యం ఎరుకే: లోయలోని మంచుతెలుపు మెల్లగా కొండనీలంలో కలిసిపోతుంది. దానిని జాలపుటకు నేపథ్యంగా పరచాలనే ఉబలాటాన్ని నేను తప్పుపట్టను. ఆ మంచు మీద తెల్లని తెలుగు అక్షరాలు అద్దడాన్నే తప్పుపడతాను.

2008 డిసెంబరులో వెలువడిన డబ్ల్యుత్రీసీ సుగమ్యతా మార్గదర్శకాల రెండవ కూర్పు ప్రకారం, మామూలు పరిమాణపు అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి; పెద్ద అక్షరాలకైతే 3:1 చాలు. తెలుపు మీద నలుపుకు ఇది 21:1. నేవీ బ్లూ మీద తెలుపు సుమారు 16:1. అదే గ్రేడియెంటు క్రిందికి వచ్చేసరికి ఆకాశనీలంగా మారితే ఆ నిష్పత్తి 2:1కి కూడా చేరదు. రూపకర్త పై అంచును చూసి మురిసిపోతాడు, పాఠకుడు క్రింది అంచున తడుముకుంటాడు. ఇక్కడ సగటు పనికిరాదు. అక్షరం నిలిచిన చోట్లలో అతి బలహీనమైనదానినే కొలవాలి. స్వయంచాలక పరీక్షాసాధనాలు చాలావరకు గ్రేడియెంటు దగ్గర చేతులెత్తేసి, మనిషినే చూసుకోమంటాయి.

తెలుగుకు ఈ బెడద మరీ ఎక్కువ. డకూ ఢకూ, పకూ ఫకూ భేదం అడుగున ఉండే చిన్న గీతే. వత్తులూ అడుగునే, అవీ సన్నగానే. పైనుండి క్రిందికి వెలిసిపోయే రంగు మొదట మ్రింగేది వాటినే. అందుకే మన లిపికి 4.5ను కనీసంగా కాక ప్రమాదపు అంచుగా చూడాలనీ, అవే మార్గదర్శకాల పైమెట్టు అడిగే 7:1నే పట్టుకోవాలనీ నా అభిప్రాయం. కంటిలో శుక్లాలున్న పెద్దాయన ఒకరు మా ఆర్టీసీ కాంప్లెక్సు ఎండలో ఫోను పట్టుకుని, మనుమరాలి ప్రవేశ దరఖాస్తుకు గడువు తేదీ ఏదో చదివిపెట్టమని నన్నడిగారు. ఆ తేదీ సరిగ్గా లేతరంగు కొసన ఉంది. నేనూ చేయి అడ్డుపెట్టుకునే చదవవలసి వచ్చింది. తేదీ తప్పితే పోయేది అందం కాదు, ఒక విద్యాసంవత్సరం.

అందం చెడుతుందనే వాదన నాకు రుచించదు. గ్రేడియెంటు రెండు కొసలనూ ముదురు వైపే ఉంచవచ్చు: నేవీ బ్లూ నుండి ముదురు ఊదా వరకు. లేదా మంచును మంచుగానే వదిలి, అక్షరాల వెనుక మాత్రం చిక్కని పలక పరచవచ్చు. దానితోపాటు సీఎస్ఎస్‌లో ఒక ముదురు నేపథ్యపు రంగును విడిగా వ్రాసి ఉంచాలి. సిగ్నలు అంతంతమాత్రంగా ఉండే ఏజెన్సీ ఊళ్ళలో బొమ్మ దిగిరాకపోతే, తెల్లని పుట మీద తెల్లని అక్షరాలే మిగులుతాయి.