చెయ్యి తిరిగాక కొత్త మగ్గం

కథ, బొమ్మలు, సంగీతం, కూర్పు... అన్నీ ఒక్కరే చేసి సినిమా తీయడం ఎక్కడైనా చూశామా? కంప్యూటర్ ఆటల్లో మాత్రం అలాంటి ఒంటిచేతి పనివాళ్లున్నారు. లూకాస్ పోప్ వాళ్లలో ఒకరు. అమెరికాలో పెద్ద ఆటల కంపెనీ ఉద్యోగం వదులుకుని, జపాన్‌లో ఉంటూ సొంతంగా ఆటలు చేస్తుంటారు. సరిహద్దు గేటు దగ్గర పాస్‌పోర్టులు తనిఖీ చేసే చిరుద్యోగి కష్టాలే కథగా ఆయన చేసిన 'పేపర్స్, ప్లీజ్' 2013లో వచ్చింది. సుమారు తొమ్మిది నెలల్లో తయారైన ఈ ఆటతో ఆయన పేరు మార్మోగిపోయింది.

మామూలుగా అయితే తర్వాత ఏం చేస్తారు? అదే ఆటకు రెండో భాగం. అలవాటైన పనిముట్టుతోనే. పోప్ మాత్రం 'యూనిటీ' అనే గేమ్ ఇంజిన్ నేర్చుకుందామని కూర్చున్నారు.

గేమ్ ఇంజిన్ అంటే మగ్గం లాంటిదనుకోండి. చీర మీద నెమలి ఉండాలా, మామిడి పిందె ఉండాలా అన్నది నేతగాడి ఇష్టం. పడుగూ పేకా కలిపేది మగ్గం. ఆటలో వస్తువు కింద పడటం, వెలుగునీడలు, చప్పుళ్లు, మీట నొక్కితే బొమ్మ కదలడం... ఇవన్నీ ఇంజిన్ చూసుకుంటుంది. కానీ ఒక మగ్గం మీద చెయ్యి తిరిగినవాడైనా, ఇంకో మగ్గం ముందు కూర్చుంటే మొదట్లో పోగులు తెంపుకోవాల్సిందే!

చిన్న ఆటేగా, తొందరగానే అయిపోతుందని 2014లో మొదలుపెట్టారు. నాలుగేళ్లు దాటింది. 2018 అక్టోబరులో 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' బయటికొచ్చింది. కథాకాలం 1807. గల్లంతైన ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి మనుషుల్లేకుండా తిరిగొస్తుంది. 1611లోనే మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టిన కంపెనీయే అది! ఓడలోని 60 మందిలో ఎవరు ఏమయ్యారో బీమా అధికారిగా ఆటగాడు తేల్చాలి.

పాతకాలపు మెకింటోష్ కంప్యూటర్లలోలా ఆట మొత్తం రెండే రంగుల్లో ఉండాలని పోప్ పట్టుపట్టారు. నీడలు కావాలంటే చుక్కలే దిక్కు. తీరా చూస్తే, ఆటగాడు తల తిప్పగానే తెరమీద చుక్కలు చీమలపుట్ట కదిలినట్టు కదిలాయి. కళ్లు లాగేస్తాయి. ఈ బాధకు ఇంజిన్‌లో రెడీమేడ్ మందు లేదు. దాదాపు వంద గంటలు దానితోనే కుస్తీ పట్టారు. ఆటగాడి చుట్టూ ఒక గోళం ఉన్నట్టు, చుక్కలు దాని లోపలి గోడకు అంటుకున్నట్టు లెక్క కట్టారు. అప్పుడు దృశ్యంతో పాటే చుక్కలూ జరుగుతాయి. కుదిరింది! ఆడేవాళ్లకు ఇదంతా తెలియదు. కళ్లు నొప్పెట్టవు, అంతే.

2019లో ఈ ఆటకు కళకూ, రూపకల్పనకూ రెండు బాఫ్టా అవార్డులొచ్చాయి. నేర్చిన విద్య అక్కడితో ఆగలేదు. 2022లో 'పేపర్స్, ప్లీజ్' ఫోన్లలోకి వచ్చినప్పుడు, ఆ పాత ఆటను తిరిగి అల్లింది యూనిటీ మీదే.

పోప్ ఇష్టపడి నేర్చుకున్నారు. కొందరికి తప్పక నేర్చుకోవాల్సి వచ్చింది. 2023 సెప్టెంబరులో ఇదే యూనిటీ, కొంత ఆదాయం దాటిన ఆటలకు ఇన్‌స్టాల్ లెక్కన రుసుము కట్టాలని ప్రకటించింది. చిన్న డెవలపర్లు భగ్గుమన్నారు. ఏడాది తర్వాత కంపెనీ దాన్ని రద్దు చేసుకుంది గానీ, అప్పటికే ఎంతోమంది 'గోడో' వైపు చూశారు. అర్జెంటీనాకు చెందిన ఇద్దరు మొదలుపెట్టిన ఇంజిన్ అది. 2014 నుంచి అందరికీ ఉచితం. అయితే డబ్బు ఖర్చు లేదన్న మాటే గానీ, ఏళ్ల తరబడి రాసుకున్న ప్రోగ్రామును కొత్త ఇంజిన్‌కు మార్చడానికి పట్టే నెలలు ఎవరిస్తారు? ఒంటరివాడికి జీతం ఇచ్చేవాళ్లుండరు కదా!

మీ ఇంట్లో ఆటలు ఆడటమే కాదు, చేస్తానంటున్న పిల్లలుంటే ఒక్క మాట చెప్పండి. ఏ ఇంజిన్ గొప్పదని నెలల తరబడి వాదించుకోనక్కర్లేదు. ఒకటి పట్టుకుని, బంతి గోడకు తగిలి వెనక్కొచ్చే బుల్లి ఆటయినా సరే, చివరిదాకా పూర్తి చేయమనండి. ఆ తర్వాత ఇంజిన్ మారినా ఆట ఎలా కట్టాలన్న తెలివి వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇక ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందనగానే మొహం చిట్లించే మనలాంటి పెద్దలకు... పోప్ కథ ఇంకోసారి చదువుకుంటే సరి.