చెవి చదువునకు పరీక్ష ఎప్పుడు?

విద్యావంతుని మన పూర్వులు బహుశ్రుతుడని పిలిచిరి. పెక్కు విషయములు విన్నవాడని ఆ మాటకు అర్థము. వేదమునకు శ్రుతి యని పేరు. అష్టావధానములో ఘంటాగణనమను అంశము కలదు. అవధాని ఒకవంక పృచ్ఛకులకు పద్యములు చెప్పుచు, మధ్య మధ్య మ్రోగిన గంటలెన్నియో లెక్క తప్పక చెప్పవలెను. అది సభాముఖమున చెవికి పెట్టు పరీక్ష. ఇట్టి సంప్రదాయము గల మనము, ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు భాషను పరీక్షించునపుడు మాత్రము చెవి యనునది ఒకటి కలదని మరచితిమి.

మన రాష్ట్రములో పదవ తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రమును ఒకమారు చేతికి తీసికొని చూడుడు. గద్యభాగమును చదివి జవాబులు వ్రాయుట కలదు; లేఖయో, సంభాషణయో స్వయముగా రచించుట కలదు; వ్యాకరణము, పదజాలము కలవు. ఇంగ్లీషు మాటను విని గ్రహించినందుకు అందులో ఒక్క మార్కైనను లేదు. పాఠ్యపుస్తకములో వినుటకు తగిన అభ్యాసములు లేకపోలేదు. కాని పరీక్షకు రానిది తరగతిలో నిలువదు. ఇందుకు ఉపాధ్యాయులను నిందించి ప్రయోజనము లేదు. వార్షిక పరీక్ష దగ్గరపడినకొలది, మార్కులు తేని పనిని ప్రక్కకు నెట్టుట ఎవరికైనను సహజమే గదా!

భైంసా పట్టణమునే ఉదాహరణముగా తీసికొందము. 1956 నవంబరు 1వ తేదీ వరకు భైంసా, ముధోల్ ప్రాంతములు హైదరాబాదు రాష్ట్రములోని నాందేడు జిల్లాకు చెందియుండెను. రాష్ట్రముల పునర్విభజనలో అవి ఆదిలాబాదు జిల్లాలో చేరినవి. 2016లో నిర్మల్ జిల్లాలోనికి వచ్చినవి. ఈ చరిత్ర ఫలితముగా ఇచటి బాలబాలికల చెవి మూడు భాషలకు అలవాటుపడినది. ఒక ఇంట తెలుగు, పొరుగింట మరాఠీ, ప్రక్కవీధిలో ఉర్దూ. పత్తి బేరము జరుగుచోట మూడును కలిసి వినవచ్చును. పదేండ్ల పిల్లవాడు ఎవరును కూర్చుండబెట్టి నేర్పకయే, ఒక భాషలో అడిగినదానికి వేరొక భాషలో జవాబు చెప్పును. ఇట్టి చెవి గల పిల్లలలో పలువురిని ఇంగ్లీషు రానివారని తీర్పు చెప్పుచున్నాము. ఆ తీర్పునకు ఆధారమేమి? కేవలము వారు వ్రాసిన కాగితము.

వ్రాతపత్రము భాషాజ్ఞానమునంతను ఒకే మూటగా కట్టి తూచును. అందులో చదువుట, గ్రహించుట, వ్రాయుట అనునవి ఒకదానితో నొకటి చిక్కుపడియుండును. ప్రశ్నను చక్కగా గ్రహించియు, రెండు వాక్యములు తప్పులేక వ్రాయలేనివానికి సున్న వచ్చును. ఏమియు గ్రహింపకయే, గైడులోని జవాబును కంఠస్థము చేసినవానికి పూర్తి మార్కులు వచ్చును. ముందే నూరుమార్లు చదివిన పాఠములోని పేరాను మరల ఇచ్చి ప్రశ్నించుట జ్ఞాపకశక్తికి పరీక్ష యగును గాని పఠనశక్తికి కాదు. పఠనశక్తి తెలియవలెనన్న విద్యార్థి ఎన్నడును చూడని భాగమును, అతని తరగతికి తగినదానిని ఇచ్చి, అందులోని భావమును అడుగవలెను. చూడని గద్యభాగము ప్రశ్నపత్రములో లేకపోలేదు. అయినను, దానికి జవాబును ఇంగ్లీషు వాక్యములలో వ్రాయుమన్నపుడెల్ల కంటి బలముతోపాటు చేతి బలహీనతయు లెక్కకు వచ్చుచునే యున్నది.

చెవిని, కంటిని విడివిడిగా పరీక్షించినచో తరగతిలో నాలుగు రకముల విద్యార్థులు కనబడుదురు. విని గ్రహించి, చదివి గ్రహించువారు కొందరు. విన్నపుడు తెలిసికొందురు గాని అచ్చులో చూచిన తెలియనివారు కొందరు. అచ్చులో చదివి తెలిసికొందురు గాని అదే వాక్యమును వినిపించిన తెల్లబోవువారు మరికొందరు. రెండును రానివారు చివరివారు. రెండవ తెగకు అక్షరముల అభ్యాసము కావలెను. మూడవ తెగకు ప్రతిదినము పది నిమిషములు వినికిడి కావలెను. నాలుగవ తెగకు సులభమైన మాటలతో మొదటినుండి పని ఆరంభింపవలెను. నేడు ఈ మూడు తెగలకును మన మిచ్చుచున్న ఔషధము ఒక్కటే: అవే ప్రశ్నలకు అవే జవాబులను మరల మరల వ్రాయించుట. నాడి చూడక మందిచ్చు వైద్యుని ఎవరు మెచ్చుకొందురు?

మన పిల్లలకు ఇంగ్లీషు వినుటలో గల కష్టము ఊహామాత్రము కాదు. దానికి భాషాకారణములు గలవు. తెలుగు మాట సాధారణముగా అచ్చుతో ముగియును. కావుననే మనము బస్సు, బుక్కు, పెన్ను అని పలుకుదుము. ఇంగ్లీషులో మాట తుది హల్లులోనే అర్థము దాగియుండును. ‘వాక్’ అనిన నడచుట. తుదను ‘ట్’ అను చిన్న ధ్వని చేరినంతనే అది గడచిన కాలమునకు చెందిన క్రియ యగును. ఆ తుది ధ్వనికి అలవాటులేని చెవి నిన్న జరిగినదానిని నేడు జరుగుచున్నట్లు గ్రహించును. ద్రాక్షతీగకును, ద్రాక్షసారాయమునకును ఇంగ్లీషులో తొలి ధ్వనులు వేరు. మన లిపిలో రెండింటిని ‘వైన్’ అనియే వ్రాయుదుము. ఇక చదువుటలోని కష్టము వేరు విధమైనది. తెలుగు వ్రాత చాలవరకు ఉచ్చారణను అనుసరించును. ఇంగ్లీషులో కత్తిని తెలుపు మాటకు ముందు ‘కె’ అక్షరము నిలిచియుండును గాని నోరు విప్పదు. అక్షరమును నమ్మి చదివిన తెలుగు బాలుడు ‘క్నైఫ్’ అనును. ఉర్దూ మాధ్యమములో చదివిన బాలికకు కుడినుండి ఎడమకు సాగిన చూపును ఎడమనుండి కుడికి మరల్చుకొనవలసిన పనియు కలదు. చెవి కష్టము వేరు, కంటి కష్టము వేరు అని తెలియుటకు ఇంతకంటె నిదర్శనము అవసరము లేదు.

ఇది పండితుల చర్చగా మిగిలిపోదగిన విషయము కాదు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 విద్యాసంవత్సరమునుండి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. అనగా ఇంగ్లీషు ఒక పాఠ్యవిషయముగా మాత్రమే యుండక, గణితమును, విజ్ఞానశాస్త్రమును అందించు పాత్రయైనది. పాఠము చెవికి పట్టని విద్యార్థి ఒక్క ఇంగ్లీషులోనే గాక అన్నిటిలోను వెనుకబడును. భైంసాకు సమీపముననే బాసరలో, సరస్వతీ సన్నిధిలో తల్లిదండ్రులు బిడ్డలకు అక్షరాభ్యాసము చేయింతురు. ఆ బాసరలోనే 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. గ్రామీణ విద్యార్థులు పదవ తరగతి ఫలితముల ఆధారముగా అచట ఆరేండ్ల చదువులో చేరుదురు. పదవ తరగతి వరకు ఒక్కనాడును వినికిడిలో పరీక్షింపబడని విద్యార్థి, అచట ఇంగ్లీషులో సాగు ఉపన్యాసముల ఎదుట కూర్చుండవలెను. చేతిలోని మార్కుల పత్రము అతడు ఉత్తముడనుచున్నది. చెవి మాత్రము ఆ మాటను సమర్థింపదు. ఆ తొలి మాసములలో అతనికి కలుగు న్యూనతాభావమునకు బాధ్యత ఎవరిది?

ఇతర దేశములేమి చేసినవో చూతము. చైనా దేశములో ఉన్నత పాఠశాల విద్య ముగించినవారు ‘గావోకావో’ అను ప్రవేశపరీక్షకు కూర్చుందురు. సాంస్కృతిక విప్లవకాలమున నిలిచిపోయిన ఆ పరీక్ష 1977లో పునరుద్ధరింపబడినది. అచటను బహుకాలము వ్యాకరణము, పఠనము మాత్రమే రాజ్యమేలెను. చదువగలిగియు, వినలేక, పలుకలేక యుండు తమ విద్యార్థుల స్థితిని చైనీయులే ‘మూగ ఇంగ్లీషు’ అని ఎగతాళి చేసికొనిరి. పిమ్మట పరీక్షలో వినికిడి భాగము చేరినది. జాతీయ ప్రశ్నపత్రములో 150 మార్కులకు 30 మార్కులు వినికిడికి కేటాయించిరి. మొదటి అయిదు చిన్న సంభాషణలను ఒక్కమారు, తరువాతి వానిని రెండు మార్లు వినిపింతురు. ఆ సమయమున పరీక్షాస్థలముల చెంత వాహనములు హారను మ్రోగింపరాదని, కట్టడపు పనులు ఆపవలెనని కట్టడి చేయుదురు. దక్షిణ కొరియాలో ఇట్టి పరీక్ష జరుగు అరగంటకు పైగా విమానములే నేల దిగవు, నింగి కెగురవు! చైనా 2018లో ఇంగ్లీషు సామర్థ్యమునకు తొమ్మిది మెట్లు గల జాతీయ ప్రమాణమును ప్రకటించినది. అందులో వినుటకు, చదువుటకు వేరువేరు వివరణలు గలవు. 2021 నుండి బీజింగు నగరమున ప్రవేశపరీక్షలో మాటలాడు భాగమును చేర్చిరి.

వారి పద్ధతి నిర్దోషమని నా అభిప్రాయము కాదు. వినికిడి ప్రశ్నలకు జవాబుల ఎంపికలు ఇంగ్లీషులోనే అచ్చువేయబడును. కావున చెవితో గ్రహించినవాడును కంటితో చదువలేకున్న నష్టపోవును. లక్షలాది విద్యార్థుల భవిష్యత్తు ఒక్క పరీక్షపై ఆధారపడునపుడు, భాష వినుటకు మారుగా పరీక్ష వినుట అలవాటగును. అయినను ఒక సత్యమును వారు గుర్తించిరి: మార్కు లేనిచోట బోధన లేదు.

మన తెలుగు నేలపైనను ఒక ప్రయత్నము జరిగినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2023లో అమెరికాకు చెందిన ఇ.టి.ఎస్. అను పరీక్షా సంస్థతో ఒప్పందము చేసికొని, ప్రభుత్వ పాఠశాలలలో టోఫెల్ ప్రైమరీ, టోఫెల్ జూనియర్ పరీక్షలకు పిల్లలను సిద్ధపరచ పూనుకొన్నది. వినుట, చదువుట ఆ పరీక్షలకు ప్రధానాంగములు. 2024లో ప్రభుత్వము మారిన పిదప ఆ ఏర్పాటు నిలిచిపోయినది. దాని గుణదోషముల చర్చ అటుండనిండు. వెలుపలినుండి తెచ్చిన కొలబద్ద, తెచ్చినవారితోనే వెడలిపోవునను పాఠము మాత్రము మనము నేర్వదగినది. ఉపాధ్యాయుని చేతిలోనే ఉండు కొలబద్ద అట్లు పోదు.

కావున నా మనవి ఇది. ఆరవ తరగతినుండి పదవ తరగతి వరకు నెలకొకమారు, అరగంటలో ముగియు రెండు చిన్న పరీక్షలు పెట్టవలెను. మొదటిది వినికిడి. ఉపాధ్యాయుడు పుస్తకములో లేని ఎనిమిది పది వాక్యములను సహజమైన వేగముతో రెండుమార్లు చదువవలెను. బస్సు ఎన్నిగంటలకు బయలుదేరును, వైద్యుడు ఏ మాత్రను ఎప్పుడు వేసికొమ్మనెను, అంగడిలో ఏ వస్తువు వెల తగ్గినది అనునట్టి నిత్యవిషయములు చాలును. రెండవది పఠనము, అంతే కష్టము గల మరియొక భాగమును అచ్చులోనో, నల్లబల్లమీదనో ఇయ్యవలెను. ప్రశ్నలను మాతృభాషలో అడుగవలెను. జవాబును తెలుగు, మరాఠీ, ఉర్దూలలో దేనియందైనను చెప్పనీయవలెను. బొమ్మను గుర్తించుట, అంకెను వ్రాయుట, గీత గీయుట కూడ జవాబులే. అపుడుగాని చేతి లోపము చెవిమీదికిని కంటిమీదికిని రాదు. రెండు మార్కులను కలిపి కూడరాదు. పుస్తకములో చెవికి ఒక నిలువు గడి, కంటికి ఒక నిలువు గడి ఉండవలెను. వినికిడి లోపము గల పిల్లలను మొదటి పరీక్షనుండి మినహాయింపవలెను.

దీనికి ఆక్షేపణలు రాకపోవు. ఉపాధ్యాయుల ఉచ్చారణయే సరిగా లేదందురు కొందరు. ఇంగ్లండు దొరల ఉచ్చారణ మన లక్ష్యము కాదు; నలుగురకు తెలియునట్లు మాటలాడువాని ఇంగ్లీషు చాలును. సందేహమున్నచోట పొరుగు పాఠశాల ఉపాధ్యాయుడు తన ఫోనులో చదివి పంపిన ధ్వనిని వినిపింపవచ్చును. వేరు గొంతు వినుట పిల్లలకు మేలే చేయును. హైదరాబాదులో 1958లోనే ఇంగ్లీషు బోధనకై కేంద్రసంస్థ వెలసి, నేడది విశ్వవిద్యాలయమైనది. అట్టి సంస్థ గల రాష్ట్రమునకు శ్రవణపాఠములు సిద్ధము చేసికొనుట దుష్కరము కాదు. గదిలో డెబ్బదిమంది యుందురు, వెలుపల గోల యుండునందురు మరికొందరు. జీవితములోను ఇంగ్లీషు మాట నిశ్శబ్దములో వినబడదు. ఆర్టీసీ బస్టాండులోను, ఆసుపత్రిలోను గోల నడుమనే దానిని పట్టుకొనవలెను.

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ, పాఠశాలలు తామే ఇచ్చుకొను మార్కులను ఎవరు నమ్ముదురనునది. పదవ తరగతిలో 2014–15 నుండి ప్రవేశించిన ఇరువది అంతర్గత మార్కులపై ఈ అనుమానమే వచ్చినది. 2024 నవంబరులో ప్రభుత్వము వానిని తొలగింతుమని ప్రకటించి, వెంటనే ఆ నిర్ణయపు అమలును వాయిదా వేసినది. ఆ అనుమానము నిరాధారమని నేననను. కాని నేను కోరు పరీక్ష మార్కుల పట్టికకు ఎక్కునది కాదు. దానివలన ఎవరికిని ర్యాంకు రాదు, ఎవరును తప్పరు. కావున అందులో మార్కులు పెంచి చూపవలసిన అవసరమే లేదు. అది ఉపాధ్యాయుడు తన బోధనకు తాను పట్టుకొను దీపము. పరీక్షకు రానిది తరగతిలో నిలువదని మొదట చెప్పి, మార్కులు లెక్కింపని పరీక్షను కోరుట విరోధము గాదా యని చదువరులు అడుగవచ్చును. నెలనెలా రెండు గడులు నింపవలసి వచ్చినపుడు, ఖాళీ గడియే ఉపాధ్యాయునకు హెచ్చరిక యగును. ప్రధానోపాధ్యాయుడు నెల చివర ఆ గడులను చూచి సంతకము చేసిన చాలును. పాఠము దానంతట తానే చెవివైపు తిరుగును. ఒకటి రెండేండ్లు ఈ పని నిలకడగా జరిగిన పిమ్మట వార్షిక పరీక్షలో కొలది మార్కులు చేర్చు విషయమును ఆలోచింపవచ్చును.

విద్యార్థులకు ఒక మాట. మీ మార్కుల పత్రములో ఇంగ్లీషు ఎదుట వ్రాసిన అంకె మీ భాషాశక్తిని సగమే చెప్పుచున్నది. మూడు భాషలు పట్టిన చెవికి నాలుగవది పట్టకపోదు. దినమునకు పది నిమిషములు రేడియోలోనో, ఫోనులోనో నిదానముగా చదువు ఇంగ్లీషు వార్తలను వినుడు, విన్నదానిని మీ భాషలో మిత్రునకు చెప్పుడు. ఉపాధ్యాయులకు మరొక మాట. ఉత్తర్వులకొరకు వేచియుండవలసిన పనికాదిది. రేపటి సోమవారము నాడే మీ తరగతిలో ఎనిమిది వాక్యములు చదివి వినిపించి, రెండు గడులు గీసి చూడుడు. ఏ గడి ఎవరి పేరెదుట ఖాళీగా నున్నదో తెలిసిన పిదప మంగళవారపు పాఠము ఎచట మొదలుపెట్టవలెనో మీకే తెలియును.