పెరటి కొలనులో పచ్చని నీరు: దోషమెవరిది?

ఇంటి ప్రాంగణంలో కాసింత నీరు నిలిపి, అందులో నాలుగు చేపలను పెంచుకోవాలనే కోరిక మనవారికి కొత్తది కాదు. హైదరాబాదు పాత దేవిడీలలో హౌజు లేని ముంగిలి శోభించేది కాదు. ఈనాడు పట్టణాలలో నాలుగు గజాల స్థలం దొరికినా సిమెంటు కొలను కట్టించి బంగారు చేపలను వదులుతున్నారు. అభిరుచి మెచ్చదగినదే. అయితే వేసవి వచ్చేసరికి ఆ నీరు ఆకుపచ్చగా మారడం, గోడలకు నాచు పట్టడం, ఒకనాటి ఉదయం చేపలు వెల్లకిలా తేలడం కూడా అంతే సాధారణమైపోయింది. అప్పుడు నాచును నిందించి, అంగడి నుండి మందు తెచ్చి పోయడం పరిపాటి. ఇది సరియైన మార్గం కాదనీ, దోషం నాచులో గాక మన చేతిలోని మేతగిన్నెలో ఉన్నదనీ నా నిశ్చితాభిప్రాయం.

నాచు పెరగడానికి ఎండ, నీరు, పోషకాలు కావాలి. పోషకాలలో ముఖ్యమైనవి నత్రజని, భాస్వరం. 1973లో కెనడా దేశంలోని ఆంటారియో రాష్ట్రంలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక చిన్న సరస్సును తెరతో రెండు భాగాలుగా విభజించారు. ఒక భాగంలో కర్బనం, నత్రజని మాత్రమే కలిపారు. రెండవ భాగంలో వాటితోపాటు భాస్వరాన్ని కూడా కలిపారు. కొన్ని నెలలలోనే భాస్వరం కలిపిన భాగం పచ్చగా మారిపోయింది. రెండవది తేటగానే ఉండిపోయింది. ఏ పోషకం కొరతగా ఉన్నదో అదే నాచు పెరుగుదలకు హద్దు గీస్తుందని, మంచినీటి సరస్సులలో అది తరచుగా భాస్వరమేనని లోకానికి ఈ ప్రయోగం కళ్లకు కట్టినట్లు చూపింది.

ఇక మన కొలను లెక్క చూద్దాం. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ముప్పాతిక మీటరు లోతు గల కొలనులో 4,500 లీటర్ల నీరు పడుతుంది. రోజుకు 50 గ్రాముల మేత వేస్తున్నామనుకుందాం. మేతలో నూటికి ఒక వంతు భాస్వరమున్నా, నెలకు 15 గ్రాములు నీటిలో పడినట్లే. చేపలు అందులో మూడవ వంతు ఒంటికి పట్టించుకున్నా, మిగిలినది సుమారు 10 గ్రాములు. అనగా లీటరుకు రెండు మిల్లీగ్రాములకు పైగా. లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించితేనే ఆ సరస్సును అతిపోషితమైనదిగా శాస్త్రజ్ఞులు పరిగణిస్తారు. కొంత భాస్వరం అడుగు బురదలో చేరుతుందన్న మాట నిజమే. కాని ఆ బురద కూడా కొలనులోనిదే కదా! ప్రేమతో గుప్పెడు మేత అధికంగా వేసేవారు చేపలను గాక నాచును పోషిస్తున్నారనడంలో అతిశయోక్తి లేదు.

మందు సంగతి ఆలోచిద్దాం. మైలుతుత్తం నాచును చంపుతుంది. కాని మోతాదు మించితే చేపలను కూడా చంపుతుంది. సున్నపు పాలు తక్కువగా ఉన్న మెత్తని నీటిలో ఆ ప్రమాదం మరింత అధికం. పైగా చచ్చిన నాచు కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. తనలోని నత్రజనిని, భాస్వరాన్ని తిరిగి నీటికే అప్పగిస్తుంది. కొద్ది రోజులకు మళ్లీ నాచు, మళ్లీ మందు. బ్రతికి ఉన్న నాచు పగలు ప్రాణవాయువును విడిచినా, రాత్రి తానే పీల్చుకుంటుంది. అందుకే దట్టమైన పచ్చనీటిలో చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. మధ్యాహ్నం అదే నాచు నీటి క్షారతను పెంచగా, చేపల విసర్జనలోని అమ్మోనియా మరింత విషతుల్యమవుతుంది.

“నీరు మారిస్తే సరిపోదా?” అని కొందరడుగుతారు. కొంతవరకు మేలే. కాని అనేక చోట్ల బోరునీటిలోనే నైట్రేటు అధికంగా ఉన్నది. తరిగిన నీటికి బదులు అదే పోస్తూ ఉంటే, ఆవిరి పైకి పోయి లవణాలు క్రింద మిగులుతాయి. కనుక చేయవలసిన పనులు వేరు. నాలుగైదు నిమిషాలలో చేపలు తినగలిగినంత మేతనే వేయాలి. చేపల సంఖ్యను అదుపులో ఉంచాలి. కలువ, తామర వంటి మొక్కలతో నీటి పైభాగంలో సగమైనా నీడ కల్పించి, ముదిరిన ఆకులను ఎప్పటికప్పుడు తీసివేయాలి. ఆకుతో పాటు పోషకం కూడా బయటకు పోతుంది. అడుగు పూడికను తీసి, పాత నీటితో సహా మొక్కల పాదులలో పోయాలి. చెరువు పూడిక పొలానికి ఎరువని మన రైతులు తరతరాలుగా ఎరుగుదురు. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలో పూడికను పొలాలకు తరలించింది ఆ నమ్మకంతోనే. కొలనులో శత్రువైనది పాదులో మిత్రమవుతుంది. ఆ నీటిని మాత్రం మురుగుకాలువలో వదలరాదు. అలంకారానికి తెచ్చిన గుర్రపుడెక్కను, అన్యదేశపు చేపలను చెరువులలో పారవేయడం అంతకంటే అపరాధం.

నీరు అద్దంవలె ఉండాలన్న పట్టుదల కూడా తగదు. లేత పచ్చదనం చేపపిల్లలకు ఆహారమిస్తుంది. కీడు చేసేది అతి మాత్రమే.

ఇది పెరటితో ముగిసే విషయం కాదు. 16వ శతాబ్దిలో కుతుబ్‌షాహీల ఏలుబడిలో నిర్మితమైన హుస్సేన్‌సాగర్‌ను పచ్చబరచినది కూడా నగరపు మురుగునీటి వెంట వచ్చిన ఈ నత్రజని, భాస్వరాలే. అక్కడ అపరాధి ఎవరో చెప్పడం కష్టం. లక్షలాది జనం ఉన్నారు. పెరటి కొలనులో అపరాధి ఒక్కడే, దిద్దుకోగలవాడు కూడా అతడొక్కడే. అందుచేతనే అది మంచి పాఠశాల.

కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. అలంకారం కోసం కళాశాలలలో కొలనులు కట్టించడం తరచుగా చూస్తున్నాం. మన ఆవరణలో అటువంటి ఆలోచన కలిగిననాడు, దానిని తోటమాలికి గాక విద్యార్థులకు అప్పగించండి. మేతను తూచి వేసి, తెల్లని పళ్లెమొకటి త్రాడుతో నీటిలోకి దించి ఎంత లోతు వరకు కనబడునో వారం వారం వ్రాసిపెట్టుకుంటే చాలు. ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఉర్దూ మాధ్యమం వారైనా, తెలుగు మాధ్యమం వారైనా ఆ అంకెలు ఒకే భాషలో మాట్లాడుతాయి. విద్యార్థులారా! మందు సీసాకు చేయి చాచే ముందు, వ్యాధికి మూలం మన చేతిలోనే ఉన్నదేమో పరిశీలించే అలవాటు ఒక్కటి అబ్బినా, ఆ కొలనుకు పెట్టిన ఖర్చు వృథా కాదు.