‘ఇండక్షనే’ అని కొట్టిపారేస్తే ఎట్లా?

ఊడిపోయిన ఎర్త్ వైరుకు టెస్టర్ పెడితే లైటు వెలుగుతుంది. అడిగితే "ఇండక్షన్‌లే, ఏం కాదు" అంటారు. సగం నిజమే. ఫేజు పక్కనే పోయే వైరును ఎటూ కలపకుండా వదిలేస్తే అందులో ఉత్తుత్తి వోల్టేజీ కనబడుతుంది. మీటరులో 60, 80 చూపినా, మెకానిక్ ఆ వైరుకూ న్యూట్రల్‌కూ మధ్య బల్బు పెడితే వెలగదు.

మరి ఇంట్లో ఫ్రిజ్జో, బావి దగ్గర స్టార్టర్ డబ్బానో లీకైతే? అప్పుడూ అదే టెస్టర్, అదే లైటు! ఆ వైరుకు తగిలించిన ప్రతి ఇనుప డబ్బా మీదికీ 230 వోల్టులు రావొచ్చు. తడి కాళ్లతో ముట్టుకునేది మనం.

మనిషి పోయాక మాత్రం "రైతు నిర్లక్ష్యం" అని రాస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ గుంతలో నీళ్లు ఎండితే, పట్టీ తుప్పుపట్టి ఊడితే అది ఎవరి నిర్లక్ష్యం? ఇంటి బిల్లు ఆలస్యమైతే ఫ్యూజు పీకడానికి మనిషి దొరుకుతాడు, గుంతలో బిందెడు నీళ్లు పోయడానికి దొరకడు!

మన ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మనం పెట్టుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్ ఏటా కొలిచి, ఆ అంకె ఊళ్లో రాసిపెట్టాల్సింది శాఖే. ఈ నెల సెక్షన్ ఆఫీసులో ఇచ్చే అర్జీలో మొదటి డిమాండు ఇదే కావాలి.